అరికాలి మెలనోమా

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాల్లో పుట్టే క్యాన్సర్ మెలనోమా. ఆస్ట్రేలియాలో ఇది తరచూ వినిపించే జబ్బు. మన దేశపు క్యాన్సర్లలో నూటికి ఒకటి కూడా ఉండదు. ప్రధాన రూపాలు నాలుగు. చర్మం పైపొరల్లో పక్కలకు పాకేది తెల్లజాతివారిలో ఎక్కువ. గడ్డలా లేచి వేగంగా లోతుకు దిగేది రెండోది. ఏళ్ల తరబడి ఎండ తగిలిన వృద్ధుల ముఖాన నిదానంగా పెరిగేది మూడోది. నాలుగోది అక్రల్ లెంటిజినస్ మెలనోమా. అరికాలు, అరచెయ్యి, గోటి కింద వస్తుంది. నల్లచర్మం వారిలో మెలనోమా వస్తే ఎక్కువగా ఇదే. దీనికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. 1981లో గాయకుడు బాబ్ మార్లీని బలిగొన్నది కాలి బొటనవేలి గోటి కింద పుట్టిన ఈ రకమే.

తిరుపతి దగ్గరి రేణిగుంట చుట్టుపక్కల చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగే కాళ్లకు ముళ్లు, పగుళ్లు, ఆనెకాయలు మామూలే. కాబట్టి అరికాలి నల్లమచ్చను ఆనె అనుకొని బ్లేడుతో చెక్కడం, జిల్లేడు పాలు పెట్టడం వింతేమీ కాదు. నొప్పి ఉండదు గనుక నెలలు గడిచిపోతాయి. కొన్నిసార్లు నలుపే ఉండదు. మానని ఎర్రటి పుండులా కనిపించి వైద్యులనూ ఏమారుస్తుంది.

గోటి కింద గడ్డకట్టిన దెబ్బ రక్తం గోరు పెరిగే కొద్దీ ముందుకు జరుగుతుంది. మెలనోమా వల్ల గోటిపై వచ్చే నల్లటి గీత మాత్రం గోటి మొదలు వదలదు, వెడల్పవుతుంది, పక్క చర్మానికీ నలుపు పాకిస్తుంది. పక్క చర్మానికి నలుపు పాకే ఈ లక్షణాన్ని 1886లో జొనాథన్ హచిన్సన్ వర్ణించారు. అయితే నల్లచర్మం వారికి చాలా గోళ్లపై సన్నటి గీతలు సహజంగానే ఉంటాయి; ఒకే గోటిపై కొత్తగా వచ్చిన గీతనే అనుమానించాలి. అరికాలిని డెర్మోస్కోప్ అనే చర్మ పరీక్ష భూతద్దంతో చూస్తే, మామూలు పుట్టుమచ్చ రంగు చర్మపు గీతల పల్లాల వెంట, మెలనోమా రంగు గట్ల వెంట కనిపిస్తుంది.

తేల్చేది ముక్క పరీక్షే (బయాప్సీ). ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. రేణిగుంట వాసులకు తిరుపతిలోని రుయా, స్విమ్స్, 2022లో అలిపిరి దగ్గర ప్రారంభమైన టాటా ట్రస్ట్స్ క్యాన్సర్ ఆసుపత్రి బస్సు దూరంలోనే ఉన్నాయి. కణితి ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందన్న కొలతను 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో ప్రతిపాదించారు. మిల్లీమీటరు లోపైతే చుట్టూ సెంటీమీటరు మంచి చర్మంతో కలిపి కోసేస్తారు. రెండు మిల్లీమీటర్లు దాటితే రెండు సెంటీమీటర్లు. గజ్జల్లో బిళ్ల కట్టిందంటే లింఫ్ గ్రంథులకు చేరి ఉండవచ్చు. 2011 నుంచి వచ్చిన, రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొలిపే ఇమ్యునోథెరపీ మందులు మెలనోమా చికిత్సను మార్చేశాయి గానీ, అరికాలి రకంపై వాటి ప్రభావం తక్కువ, ఖరీదు మాత్రం ఎక్కువ.