సిర్పూర్ పక్కన ఒక అక్షరం

మా వైపు సిర్పూర్లు రెండు. ఒకటి కాజీపేట–బల్లార్షా లైను మీద రైలాగే సిర్పూర్ టౌన్. ఇంకొకటి కొండల నడుమ ఉన్న సిర్పూర్(యు). కొత్తగా పంతులు ఉద్యోగం వచ్చినప్పుడు కాగితం సరిగ్గా చదవక రైలెక్కి మొదటి ఊళ్లో దిగాను. స్టేషన్ బయట చాయ్ పోసే ఆయన కాగితం చూసి నవ్వాడు. "యు అంటే ఉట్నూరు సారూ. ఆ తాలూకా సిర్పూర్ అది. ఇప్పుడు ఉల్టా పోవాలె."

1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా చీలి ఉట్నూరు ఆదిలాబాద్‌లోనే ఉండిపోయింది, సిర్పూర్(యు) కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు వచ్చింది. ఆ 'యు' మాత్రం ఇప్పటికీ ఊరి పేరును వదల్లేదు.

మా ఇలాకాలో గీతలు మారడం కొత్త కాదు. నిజాం ఏలుబడిలో మొదట ఇది సిర్పూర్–తాండూర్ ఉపజిల్లా. 1905లో నిర్మల్, లక్షెట్టిపేట, చెన్నూరు వంటి తాలూకాలు కలిసి ఆదిలాబాద్ జిల్లా అయింది. కొన్నాళ్లు ఆసిఫాబాదే జిల్లా కేంద్రం. 1956లో భాషను బట్టి రాష్ట్రాలను విడదీసినప్పుడు కిన్వట్, రాజురా మరాఠీ వైపు పోయాయి. మిగిలిన జిల్లాయే పదహారు వేల చదరపు కిలోమీటర్లు, 52 మండలాలు. బెజ్జూరు రైతుకు ఆదిలాబాద్ కలెక్టరేటులో పని పడితే సద్ది కట్టుకుని బయల్దేరాల్సిందే. ఒక్కరోజులో తెమిలేది కాదు.

మొన్న మనవరాలు బడిలో అడిగారని మన జిల్లా జనాభా ఎంతని అడిగింది. 5,15,812 అన్నాను. ఏ సంవత్సరం లెక్క అంది. 2011 అన్నాను. "జిల్లా పుట్టింది 2016 దసరాకు కదా తాతా!" అంది. నిజమే. 2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగిపోయింది. అందుకని పాత ఊళ్ల అంకెలనే కొత్త గీతల ప్రకారం పంచి పెట్టారు. నమ్మకం లేకపోతే కూడి చూడమన్నాను. ఆదిలాబాద్ 7,08,972, మంచిర్యాల 8,07,037, నిర్మల్ 7,09,418, మనది. మొత్తం 27,41,239 వచ్చింది. పాత ఉమ్మడి జిల్లా అంకె అదే. ఒక్క తల తేడా లేదు.

కూడిక కుదిరినందుకు పిల్ల మురిసింది. నాకు మాత్రం కెరమెరి మండలం సరిహద్దు పల్లెలు గుర్తొచ్చాయి. పరందోళి, ముకదంగూడ వంటి ఊళ్లను అటు మహారాష్ట్రా, ఇటు మనమూ మావేనంటాం. 1956 నాటి గీత అక్కడ ఇంకా ఆరలేదు. అక్కడివాళ్లకు రెండు వైపులా ఓటుంది, మరాఠీ బడీ తెలుగు బడీ రెండూ ఉన్నాయి.

2011 ఫిబ్రవరిలో జనగణన డ్యూటీ మీద అటు పోయాను. ఒక ముసలమ్మ నులక మంచం వాల్చి, నా చేతిలోని కాగితాలు చూసి మరాఠీలో అడిగింది: "ఇది ఏ సర్కారు లెక్క బాబూ?"

చెప్పాను. లోపలికి పోయి, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ తెచ్చి మంచం మీద పక్కపక్కనే పెట్టింది. ఏది కావాలో నన్నే తీసుకోమంది.

రెండూ ఆమె చేతికే ఇచ్చి, ఇంట్లో ఎందరున్నారని అడిగాను. అయిదుగురన్నది. అయిదే రాసుకున్నాను.