ఇంటి దగ్గర ఇంక్యుబేటర్: ఎండాకాలంలో జాగ్రత్త

కోడిగుడ్లు పొదగడానికి 21 రోజులు పడుతుంది. ఫ్యాను ఉన్న ఇంక్యుబేటర్‌లో వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండాలి. పత్తికొండ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు అంతకంటే ఎక్కువ వేడెక్కుతుంది. థర్మోస్టాట్ బల్బును ఆర్పగలదే గానీ పెట్టెను చల్లబరచలేదు. లోపల 40 దాటి కొన్ని గంటలుంటే పిండాలు చనిపోతాయి. కరెంటు కాసేపు పోయి గుడ్లు కొంచెం చల్లబడినా తట్టుకుంటాయి, వేడిని మాత్రం తట్టుకోలేవు. అందుకే ఎండ తగలని చల్లని గదిలోనే పెట్టాలి. అలాంటి గది లేకపోతే ఆ రెండు నెలలు ఆపడమే మేలు.

గుడ్లు పెట్టే ముందు ఒక రోజు ఖాళీగా నడిపి, విడి థర్మామీటరుతో సరిచూసుకోండి. వారంలోపు పెట్టిన గుడ్లనే వాడండి. 18వ రోజు వరకు రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి. తేమ 50–55 శాతం ఉండాలి, చివరి మూడు రోజులు 65–70. మన పొడి గాలికి నీళ్ల గిన్నె తొందరగా ఎండిపోతుంది, రెండు పూటలా చూడండి. 18వ రోజు గిన్నె నింపాక మూత ఊరికే తెరవవద్దు.