మగ్గం ఉన్న ఇంట్లో ఆడపిల్ల వాటా

మన పెద్దల్లో వీలునామా రాసి పోయినవాళ్లు తక్కువ. ఆస్తి అంటే మాత్రం ఏముంది? ఒక ఇల్లు, ఇంట్లో గుంట మగ్గం. ఇల్లే కార్ఖానా. అందుకే యజమాని పోయాక ఆ ఇల్లు పంచడం మనకు పొలం పంచినంత తేలిక కాలేదు.

పాత పంపకాలకు ఆధారం మితాక్షర. విజ్ఞానేశ్వరుడు దాన్ని రాసింది కల్యాణిలో, అంటే నేటి కర్ణాటకలోని బసవకల్యాణంలో. 13వ శతాబ్దంలోనే కేతన దాన్ని తెనిగించాడు. దాని ప్రకారం తాతల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు, కూతురికి లేదు. 1937 చట్టం భర్త పోయిన స్త్రీకి వాటా ఇచ్చింది గానీ అది ఆమె బతికినన్నాళ్లకే.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. యానాం ఫ్రెంచివారి కింద ఉండేది కనుక అక్కడికి 1963లో చేరింది. తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమానం అన్నది. వినడానికి బాగుంది. కానీ అందులోనే 23వ సెక్షన్ ఉంది: కుటుంబం కాపురముండే ఇంటిని కొడుకులు పంచుకుందామనే దాకా ఆడపిల్ల పంపకం అడగకూడదు. ఇల్లే ఆస్తి అయిన మనకు దీని అర్థం ఏమిటో చెప్పాలా! పుట్టింట్లో కండెలు చుట్టి, పడుగుకు సాయం పట్టిన పిల్లకు కాగితం మీద వాటా ఉంది, చేతికి రాలేదు.

తాతల ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోసారి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, తమిళనాడులో 1989 నుంచి, మహారాష్ట్ర, కర్ణాటకల్లో 1994 నుంచి. ఆ తేదీలకు ముందే పెళ్లయినవాళ్లకు లేదు. సిరిసిల్లలో తాతల ఇల్లు, సోలాపూర్‌లో మగ్గాల ఇల్లు రెండూ ఉమ్మడివే ఉన్న కుటుంబాన్ని తీసుకోండి. 1990లో పెళ్లయిన ఆడపిల్లకు సిరిసిల్ల ఇంట్లో ఆ హక్కు వచ్చింది, సోలాపూర్ ఇంట్లో రాలేదు. తండ్రి ఒక్కడే, కూతురు ఒక్కతే! ఒడిశాలో అసలు అలాంటి సవరణే రాలేదు, బరంపురంలో పట్టు నేసే మనవాళ్లు 2005 దాకా ఆగాల్సి వచ్చింది.

2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఈ తేడాలన్నీ తీసేసింది. 23వ సెక్షన్ కూడా పోయింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న తగాదా మాత్రం సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చేదాకా నడిచింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే. అయితే 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాలు కదలవు.

ఇక కాగితాల సంగతి. మహారాష్ట్రలో వారస్ నోంద్ అంటారు, కర్ణాటకలో పౌతి ఖాతా, తమిళనాడులో వారిసు సర్టిఫికెట్ తెచ్చి పట్టా మార్పు, తెలంగాణలో విరాసత్. పేరేదైనా రికార్డులో పేరు మారినంత మాత్రాన ఆస్తి ఆ ఒక్కరిదైపోదు. నాన్న పోయాక పెద్దన్న ఒక్కడి పేరు ఎక్కించిన ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. అక్కాచెల్లెళ్లు తమ వాటా వదులుకుంటూ రిజిస్టర్ పత్రం రాసి ఇవ్వకపోతే, ఆ ఇంట్లో వాళ్ల వాటా ఇంకా వాళ్లదే.