పప్పుజాతి వేళ్లు మిత్ర సూక్ష్మజీవులను గుర్తించే తీరు

వేరుశనగ, కంది, పెసర, సోయా వంటి పప్పుజాతి మొక్కలు నేలలోని రైజోబియం బాక్టీరియాను వేళ్లలోకి రానిచ్చి, బుడిపెల్లో చోటిచ్చి, చక్కెరలు పెట్టి పోషిస్తాయి. బదులుగా నత్రజని అందుకుంటాయి. అదే వేళ్లు తెగుళ్ల శిలీంధ్రాలను మాత్రం గడప దగ్గరే అడ్డుకోవాలి. మొక్కలో జంతువుల రక్తంలోలా తిరిగే రక్షణ కణాలు లేవు. వచ్చిందెవరో ప్రతి కణమూ తన పొర మీది గ్రాహకాలతో తడిమి తెలుసుకోవాల్సిందే.

చిక్కేమిటంటే, మిత్రుడి గుర్తూ శత్రువు గుర్తూ ఒకే సరుకుతో తయారైనవి. శిలీంధ్రాల కణకవచంలోని కైటిన్ ఒక చక్కెర గొలుసు. అందులోంచి ఏడెనిమిది చక్కెరల ముక్క తగిలితే మొక్క రక్షణకు దిగుతుంది. రైజోబియం పంపే ‘నాడ్ ఫ్యాక్టర్’ కూడా ఆ గొలుసే, కాకపోతే పొట్టిది: నాలుగైదు చక్కెరలు, ఒక కొసన కొవ్వు ఆమ్లపు తోక. అల్ఫాల్ఫా అనే పప్పుజాతి మొక్కతో జతకట్టే రైజోబియం నుంచి దీన్ని వేరుచేసి నిర్మాణం తేల్చింది 1990లో, ఫ్రాన్స్‌లోని తులూజ్ పరిశోధకులు.

రెండింటినీ పట్టేవి లైస్‌ఎం గ్రాహకాలనే ఒకే కుటుంబం. లోటస్ జపోనికస్ అనే చిన్న పప్పుజాతి మొక్కలో నాడ్ ఫ్యాక్టర్‌ను పట్టే ఎన్ఎఫ్ఆర్1, ఎన్ఎఫ్ఆర్5 గ్రాహకాల జన్యువులు 2003లో బయటపడ్డాయి. కైటిన్‌ను పట్టే సెర్క్6 ఎన్ఎఫ్ఆర్1కు దగ్గరి బంధువు. గ్రాహకం బయటి భాగంలోని రెండు చిన్న ప్రాంతాలే ఈ దాయాదులను వేరుచేస్తున్నాయని డెన్మార్క్‌లోని ఆర్హుస్ బృందం 2020లో చూపింది. తాళం, తాళంచెవి పోలిక ఇక్కడ అందరూ వాడేదే గానీ అది సగమే నిజం. వరిలో సెర్క్1 అనే ఒకే గ్రాహకం కైటిన్‌కు రక్షణ సంకేతమూ ఇస్తుంది, వేళ్లతో పొత్తు పెట్టుకునే మైకోరైజా శిలీంధ్రానికి స్వాగతమూ పలుకుతుంది.

నిజానికి తొలి పలకరింపు మొక్కదే. వేళ్లు ఫ్లేవనాయిడ్లు వదిలితేనే రైజోబియంలో నాడ్ ఫ్యాక్టర్‌ను తయారుచేసే నాడ్ జన్యువులు మేల్కొంటాయి. ఆ పని చేసే ల్యూటియోలిన్‌ను అల్ఫాల్ఫాలో 1986లో గుర్తించారు. పిలుపందుకొని వచ్చినా తనిఖీ తప్పదు. లోటస్‌లో ఈపీఆర్3 అనే గ్రాహకం బాక్టీరియా పైపూతలోని చక్కెరలను మరోసారి పరీక్షిస్తుంది. సాధారణంగా ప్రవేశం వేరునూగు గుండా సాగుతుంది. వేరుశనగలో మాత్రం పక్కవేళ్లు పొడుచుకొచ్చిన పగుళ్లలోంచి.

లోపలికి చేరాకా నిఘా ఆగదు. 2003లో అచ్చయిన ఒక ప్రయోగంలో సోయా వేళ్ల చుట్టూ గాలిలోని నత్రజని స్థానంలో ఆర్గాన్ నింపి, బాక్టీరియా నత్రజని స్థాపించలేకుండా చేశారు. ఆ బుడిపెల్లో బాక్టీరియా సంఖ్య తక్కువగా పెరిగింది; వాటికి ఆక్సిజన్ అందే దారిని మొక్క బిగించినట్టు కూడా కనిపించింది. ఆరోగ్యమైన బుడిపెలో ఆ ఆక్సిజన్‌ను మోసేది లెగ్‌హీమోగ్లోబిన్, లోపలి ఎరుపు దానిదే. బుడిపెను చిదిపితే ఎర్రగా కనిపించిందంటే లోపల పని నడుస్తోందన్నమాట. అలా కాక, వేరులో భాగంగానే ఉబ్బి, గోటితో ఊడిరానిదైతే అది చాలాసార్లు బుడిపె కాదు, నులిపురుగులు కట్టిన కంతి.