కుర్చీ కదలకుండా దేశం మారిన ఫాదర్లు

విశాఖ సోల్జర్‌పేటలో సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ బడి పెట్టింది ఫ్రెంచి ఫాదర్లని చెప్పుకుంటారు. తీరా చూస్తే, 1847లో బడి మొదలైననాటికి వాళ్ళు ఫ్రెంచివాళ్ళు కానే కారు! వాళ్ళది ఆల్ప్స్ కొండల్లోని సావోయ్ సీమ, సార్డీనియా రాజుగారి ఏలుబడి. ఆస్ట్రియా మీద యుద్ధంలో సాయపడ్డ ఫ్రాన్సు చక్రవర్తికి ప్రతిఫలంగా రాజుగారు 1860లో ఆ సీమను రాసిచ్చేశారు. అలా విశాఖలో ఉన్న ఫాదర్లు కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే దేశం మారిపోయారు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆ బడి నన్ను వదల్లేదు.

వాళ్ళ ఊరు ఆన్సీ. అక్కడ మెర్మియే అనే ఫాదరు 1838లో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిట ఒక సంఘం స్థాపించారు. (ఈ ఫ్రాన్సిస్ గారినే 1923లో పోపు పత్రికలవాళ్ళకు ఇలవేల్పుగా ప్రకటించారు. కనక ఆయన మనుషుల గురించి రాయడం నాకు కొంత బాకీయే.) సంఘం తొలి జట్టు 1845లో బయల్దేరి, పుదుచ్చేరి చేరి, 1846 ఫిబ్రవరికి విశాఖ వచ్చింది.

అప్పటికి ఇక్కడ హార్బరు లేదు. ఓడ దూరాన లంగరేసుకుంటే మనుషుల్నీ మూటల్నీ మసూలా పడవలు ఒడ్డుకు తెచ్చేవి. ఆ పడవకు మేకు అన్నదే ఉండదు. పలకల అంచులకు బెజ్జాలు పెట్టి, కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. గట్టిగా బిగించిన పడవైతే అల గుద్దినప్పుడు విచ్చిపోతుంది. ఇది ఒళ్ళు వంచి, దెబ్బ కాచుకుని, ఇసుకెక్కుతుంది. ఇప్పుడు ఆ కుట్టుపని కనిపించడం అరుదు. క్రేన్లకు పూజలు చేసే ఊరికి ఆ పడవ మీద కాస్త గౌరవం ఉండాల్సింది.

ఆ ఊళ్ళో బడి ఎవరికి? ఈస్టిండియా కంపెనీ కోట పక్కనే ఉండేది. హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కమంటే 1780లో సిపాయిలు తిరగబడిందీ ఇక్కడే. కోట నీడన తెల్ల సోల్జర్లు, కొలువు దిగిపోయిన ముసలి సోల్జర్లు, వాళ్ళు ఇక్కడే కట్టుకున్న సంసారాలు. కంపెనీ పటాలాల్లో ఐరిష్‌వాళ్ళు బోలెడుమంది, వాళ్ళలో ఎక్కువమంది కేథలిక్కులు. లండన్ మిషన్‌వారు 1805 నుంచే విశాఖలో ఉన్నారు గానీ వాళ్ళు ప్రొటెస్టెంట్లు. పిల్లాణ్ణి వాళ్ళ దగ్గరకు పంపితే మతం మారుస్తారన్న బెంగ. అక్కరకు వచ్చింది సావోయ్ ఫాదర్లే. మద్రాసు యూనివర్సిటీ పుట్టడానికి పదేళ్ళ ముందు, బొంబాయిలో తొలి రైలు కూతకు ఆరేళ్ళ ముందు ఈ మగపిల్లల బడి తలుపు తెరిచింది. 1849లో ఆన్సీ నుంచే సెయింట్ జోసెఫ్ సిస్టర్లు యానాంలో దిగారు. ఆ తర్వాత విశాఖలో ఆడపిల్లల చదువు వాళ్ళు చూసుకున్నారు.

1850లో రోము విశాఖను విడి మండలం చేసి ఈ ఫాదర్లలో ఒకరైన నేయ్‌రే గారిని బిషప్పును చేసింది. ఆయన అధికారం ఎందాకా అనుకున్నారు? నాగపూరు దాకా! అది విడిపోయింది 1887లో. సముద్రపు గట్టున కూర్చుని మధ్య భారతంలో ఎక్కడో ఉన్న గుడి వ్యవహారం చక్కబెట్టిన రోజులవి. ఈనాటి విశాఖకు పక్క జిల్లా కబురే పట్టదు.

విశేషాల్లో బడి చుట్టుపక్కల పేటలు కూడా తక్కువ తినలేదు. రాస్ కొండ మీద మేరీమాత గుడి, పక్క కొండ మీద దర్గా, ఆ పక్కన వేంకటేశ్వరస్వామి. ఆ స్వామి గుడి 1866లో కట్టించింది బ్లాక్‌మూర్ అనే తెల్ల కెప్టెనంటారు. బురుజుపేటలో కనకమహాలక్ష్మికి గర్భగుడి కప్పే లేదు. మార్గశిర గురువారాల్లో ఆడవాళ్ళు చెంబుతో నీళ్ళు తెచ్చి, ఎవరికివారే అమ్మవారికి పోసి, పసుపు రాసి వెళ్తారు.

తర్వాతి డెబ్భై ఎనభై ఏళ్ళు గబగబా దాటేయొచ్చు. 1893లో రైలొచ్చింది, దాంతోపాటు రైల్వే ఆంగ్లో ఇండియన్లూ వచ్చారు. 1933లో హార్బరు తెరిచారు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడితే ఊరు ఖాళీ అయింది, ఆంధ్రా యూనివర్సిటీ గుంటూరు తరలిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 337వ అధికరణంలో ఆంగ్లో ఇండియన్ బడుల గ్రాంటుకు ఒక లెక్క రాశారు: మూడేళ్ళకోసారి పదో వంతు చొప్పున తగ్గిస్తూ పదేళ్ళకు ఆపెయ్యాలి. పైగా ఏటా కనీసం నలభై శాతం సీట్లు ఇతరులకు ఇస్తేనే ఆ డబ్బు. ఈ షరతు పెట్టినవాళ్ళు చాలా దూరం ఆలోచించారని నా అభిప్రాయం. ఈలోగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కటొక్కటే ఇంగ్లండు, ఆస్ట్రేలియా ఓడలెక్కాయి. బెంచీలు తెలుగు పిల్లలతో నిండాయి. 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగేసరికి ఊరి చూపు గాజువాక వైపు తిరిగింది, డబ్బున్నవాళ్ళ చూపు వాల్తేరు మెట్ట మీదకు పోయింది. ఊరు మొదలైన చోటు ‘వన్ టౌన్’ అనే పోలీసు లెక్కగా మిగిలింది. బీచ్ రోడ్డులో ఫొటోకి గంట తీరిక చేసుకునేవాళ్ళకు సోల్జర్‌పేట సందులో పది నిమిషాలు నిలబడే ఓపిక ఉండదు. 2020 జనవరిలో చట్టసభల్లో ఆంగ్లో ఇండియన్లకు నామినేటెడ్ సీట్లు కూడా రద్దయ్యాయి. వాళ్ళ పేరు మోస్తున్న బడిలో మాత్రం అడ్మిషన్లు మామూలే.