అలకనందా లోయ: గంగావేగమును ధరించుట

భగీరథుని తపస్సుకు ప్రసన్నుడైన బ్రహ్మ గంగావతరణానికి అనుమతించెను గాని, ఆమె పతనవేగాన్ని భూమి సహింపజాలదని హెచ్చరించెను. అందువలన భగీరథుడు శివుని గూర్చి మరల తపస్సు చేయవలసి వచ్చినది. పావనజలమైనను దాని వేగాన్ని ధరించువాడు లేనిచో అది వినాశహేతువగునని ఈ గాథ బోధిస్తున్నది. ఈ సత్యానికి హిమాలయములోని అలకనందా లోయ ప్రత్యక్ష నిదర్శనము.

బదరీనాథుని పాదసన్నిధిని ప్రవహించే అలకనంద విష్ణుప్రయాగ, నందప్రయాగ, కర్ణప్రయాగ, రుద్రప్రయాగల మీదుగా సాగి, దేవప్రయాగలో భాగీరథితో కలిసి గంగానామమును పొందుతుంది. నిటారుగా నిలిచిన శిలాకుడ్యాలు, అగాధములో ఘోషించే శ్వేతఫేనిల ప్రవాహము యాత్రికుని మనస్సును అంతర్ముఖము చేస్తాయి. అయితే ఆ శిలలను కోసి లోయగా తీర్చినది ఆ ప్రవాహమే. పర్వతసానువులు వర్షర్తువులో జారిపడతాయి. ఇరుకైన లోయలో నీరు విస్తరించే తావు లేక పైకి లేస్తుంది. సౌందర్యానికీ ప్రళయానికీ మూలము ఒకే శక్తి.

1893వ సంవత్సరములో అలకనందకు ఉపనదియైన బిర్హీ గంగపై గోహ్నా గ్రామము వద్ద కొండచరియ కూలి, సుమారు 900 అడుగుల ఎత్తున సహజమైన ఆనకట్ట ఏర్పడినది. దాని వెనుక సరస్సు దినదినము పెరిగెను. దానిని పరిశీలించిన పుల్ఫర్డ్ అనే ఇంజనీరు, మరుసటి ఆగస్టు నాటికి నీరు ఆనకట్టను దాటి పొర్లగలదని గణించెను. లోయ వెంబడి టెలిగ్రాఫ్ తీగ వేసిరి, సురక్షితమైన ఎత్తును తెలుపు స్తంభాలు నాటిరి, వంతెనలు విప్పిరి, తీరవాసులను పైకి తరలించిరి.

1894 ఆగస్టు 25వ తేదీ రాత్రి ఆనకట్ట తెగినది. గఢ్వాల్ రాజుల పూర్వరాజధాని శ్రీనగరము ధ్వంసమైనది. అయినను ప్రాణనష్టము ఐదుగురికే పరిమితమైనది. ఒకసారి తరలింపబడియు హెచ్చరికను లక్ష్యపెట్టక తిరిగి వచ్చిన ఒక ఫకీరు, అతని కుటుంబమువారు. అనంతరము శ్రీనగరమును ఎత్తైన తావున పునర్నిర్మించిరి.

మిగిలిన సరస్సు సైతము 1970 జులై వరదలో అంతరించినది. ఆ విపత్తు అడవుల నరికివేతకూ వరదకూ గల సంబంధాన్ని పర్వతవాసులకు స్ఫురింపజేసినది. 1974లో రేణీ గ్రామస్త్రీలు గౌరాదేవి నాయకత్వములో వృక్షాలకు అండగా నిలిచిరి. సానువులను పట్టియుంచే ఆ వృక్షమూలాలను శివజటలతో పోల్చుట సముచితమే.

2013 జూన్‌లో కేదారనాథ క్షేత్రాన ఎగువ నున్న చోరాబారీ సరస్సు తెగి మందాకినీ లోయను ముంచెను. వేలాది జనులు మరణించిరి. 2021 ఫిబ్రవరి 7న అదే రేణీ గ్రామము చెంత ఋషిగంగ ఉప్పొంగి రెండువందలకు పైగా ప్రాణాలను హరించినది. వారిలో అనేకులు జలవిద్యుత్ నిర్మాణాలలో పనిచేయు శ్రామికులు. 1894లో పదినెలలకు పైగా లభించిన వ్యవధి వారికి క్షణములైనను దక్కలేదు.

క్షేత్రమహిమపై విశ్వాసము నదీతీరాన నిర్లక్ష్యానికి అనుజ్ఞ కాదు. గంగను కోరిన భగీరథుడే ఆమె వేగమునకు ఆధారమును ముందుగా అన్వేషించెను. ఆ వివేకము సైతము ఆయన తపస్సులోని భాగమే.