మోటుపల్లి అభయశాసనము

మన గ్రామములకు సంతనాడు పొరుగూళ్లనుండి సరకు బండ్లు వచ్చుచుండును. త్రోవలో నొక బండి బోల్తాపడి బస్తాలు చెదరిపోయె ననుకొందము. ఊరివారు పరుగెత్తి వచ్చి బండివానిని లేవనెత్తి, సరకు కూర్చి యిచ్చిరేని, ఆతడు మరుసటి సంతకును వచ్చును. మరి పదిమందిని వెంటబెట్టుకొని వచ్చును. అట్లుగాక, దొరికినది దొరికినట్లు ఇండ్లకు మోసికొనిపోయిరేని, ఆనాటికి వారికి లాభమే. కాని ఆ త్రోవను మరల బండి రాదు. ఈ చిన్న న్యాయమును రాజ్యములకును సముద్రములకును అన్వయించి, రాతిపై చెక్కించిన రాజొకడు మన యాంధ్రదేశమున నుండెను. ఆతడు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి. ఆతని మోటుపల్లి శాసనమును గూర్చి నేడు మీకు మనవి చేసెదను.

మోటుపల్లి చీరాల ప్రాంతమున సముద్రతీరమునందలి గ్రామము. నేడది చిన్న యూరు. ఏడువందల యేండ్లకు పూర్వము మాత్రము అది ఓరుగల్లు రాజ్యమునకు సముద్రద్వారము. గణపతిదేవుడు క్రీ.శ. 1199 మొదలు 1262 వరకు రాజ్యమేలెను. ఆతని రాజధాని సముద్రమునకు బహుదూరము. తీరాంధ్రమును వశపరచుకొనిన పిదపనే ఆతనికి రేవులు లభించినవి. అయితే రేవు లభించుట వేరు, రేవునకు ఓడలు వచ్చుట వేరు. తూర్పు సముద్రము చుట్టును ఆ కాలమున ననేక రాజ్యము లుండెను. దక్షిణమున చోళ పాండ్య దేశములు, వాని కావల సింహళము, తూర్పున సుమత్రా మొదలగు ద్వీపములు, అంతకు నవతల చీనా. ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క రాజు, ఒక్కొక్క భాష, ఒక్కొక్క నాణెము. అట్టి పరదేశపు వర్తకుడు పెక్కు రేవులుండగా మోటుపల్లికే యేల రావలెను?

అందులకు పెద్ద యడ్డంకి యొకటి కలదు. తుపానులో చిక్కి పగిలిన ఓడలోని సరకు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో, అది ఆ తీరమునేలు రాజునకు చెందునని పూర్వాచారము. ఓడ పోగొట్టుకొని, తోడివారిని పోగొట్టుకొని, ప్రాణములు మాత్రము దక్కించుకొని ఒడ్డుచేరిన వర్తకుని కన్నులయెదుటనే రాజభటులు ఆతని బంగారమును, గుఱ్ఱములను, రత్నములను కొనిపోవుచుండిరి. సముద్రము సగము దోచగా మిగిలినది రాజు దోచుట యన్నమాట. మన తూర్పుతీరమున తుపానులెట్టివో మీకు నేను చెప్పనక్కఱలేదు.

శక సంవత్సరము 1166న, అనగా క్రీ.శ. 1244–45లో, గణపతిదేవుడు ఈ యాచారమును రద్దుచేసెను. మోటుపల్లి వీరభద్రాలయమునందలి కంబముపై చెక్కించిన శాసనమున ఆతడు తన యుద్దేశమును స్పష్టముగా తెలిపినాడు. పూర్వపు రాజులు ఓడలు పగిలినప్పుడు సరకునంతయు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, ప్రాణముకంటె ధనమే మిన్నయని యెంచి సముద్రయానమునకు తెగించిన వర్తకులపై దయచేతను, తన కీర్తికిని ధర్మమునకును, నియమిత సుంకము దక్క వేఱేమియు తాను పుచ్చుకొనననియు దాని సారాంశము. ఎగుమతులపైనను దిగుమతులపైనను సుంకము ముప్పదింట నొకవంతు. అనగా మూడువందల మాడల సరకునకు పది మాడలు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియములు, పోకలు మున్నగు వానికి సుంకమెంతయో విడివిడిగా నిర్ణయింపబడినది.

ఇందు గమనింపదగిన విషయములు రెండు. రాజు దయామయుడు, కాని దయతోపాటు లెక్కయు తెలిసినవాడు. ఒక్క పగిలిన ఓడను దోచుకొన్న రాజునకు ఒక్కమాఱే ధనము వచ్చును. నూఱు ఓడలు క్షేమముగా వచ్చిపోవుచుండిన ఏటేట ముప్పదింట నొకవంతు వచ్చును. ఇక రెండవది. ఆ మాటను ఆతడు తన కొలువులో చెప్పి యూరకుండలేదు. దైవసన్నిధిని, రేవుపట్టణమున, వచ్చినవారెల్లరకు కనబడునట్లు రాతిపై నిలిపినాడు. సుంకరి అధికము కోరినచో వర్తకుడు వ్రేలెత్తి చూపుటకు ఆ కంబ మచ్చట నున్నది.

సరకుతోపాటు సంస్కారమును ఓడలలోనే వచ్చును. మన దేవాలయములలో హారతి వెలిగించు కర్పూరము ఆ కాలమున సుమత్రా, బోర్నియో ద్వీపములనుండియు చీనానుండియు రావలసినదే. చీనాంబరమను మాట మన భాషలో నిలిచినది. ఇచ్చటనుండి సన్నని నూలుబట్టలును వజ్రములును పరదేశములకు పోయినవి. వెనిస్ నగరవాసియగు మార్కోపోలో 13వ శతాబ్దపు చివర ఈ దేశమును ముట్ఫిలి యను పేర వర్ణించి, ఇచ్చటి బట్ట సాలెపట్టువలె సన్ననిదని మెచ్చుకొనెను. న్యాయపరురాలగు రాణి యొకతె యిచ్చట నేలెననియు వ్రాసెను. ఆతడామెను మృతుడైన రాజునకు భార్య యని పొరబడెను గాని, ఆమె గణపతిదేవుని కూతురు రుద్రమదేవియే.

1323లో ఓరుగల్లు పడిపోయెను. దేశము కల్లోలమయ్యెను. కల్లోలమునందు మొదట చెడునది వర్తకుని నమ్మకమే. అందువలన 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మరల శాసనము వేయింపవలసివచ్చెను. వచ్చి కాపురముండు వర్తకులకు ఆదరము చూపుదుమనియు, సంతులేక చనిపోయినవారి సొమ్మును రాజు గైకొనడనియు ఆతడు మాట యిచ్చెను. వంశము మారినది, ధర్మము మారలేదు. ఆ రెడ్డిరాజుల కాలముననే అవచి తిప్పయ్యసెట్టి సింహళపు ఏనుగులను, హురుముంజి గుఱ్ఱములను, చీనా పట్టుబట్టలను తెప్పించుచుండెను. శ్రీనాథ మహాకవి హరవిలాసమును అంకితమిచ్చినది ఈ వర్తకునికే. పొరుగుదేశములతోడి బేరము తెలుగు సాహిత్యమునకును ఇట్లు మేలు చేసినది.

కాకతీయుల కోటలు శిథిలమైనవి. మోటుపల్లి రేవు ఇప్పుడు లేదు. కష్టములోనున్న పొరుగువాని సొమ్ము ముట్టనని యొక రాజు చెక్కించిన మాట మాత్రము నేటికిని చదువ వచ్చుచున్నది. సరిహద్దు కావల నున్నవాడు మన గడపకు రావలెనన్న, మొదట వానికి మన యొడ్డున భయము లేకుండవలెను. సంతకు వచ్చు బండివాని విషయమునను ఇదియే ధర్మము.